రెండో తాపు

9 జులై 1972, ఆదివారం

ఈ డైరీ పాఠ్యపుస్తకాల కంపెనీ వాళ్ళు నాన్నకు ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. ఇకనుంచి నాది. ఎవరూ చదవరు కాబట్టి దస్తూరి సంగతి పట్టించుకోను.

చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి అంకారావు మాస్టారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. హైస్కూల్లో అన్నయ్యకూ నాకూ డ్రిల్లు చెప్పింది ఆయనే. ఆదివారం కూడా మెడలో విజిలు తీయరు. సెప్టెంబరులో బెజవాడలో జిల్లా ఈత పోటీలట. ఆడపిల్లలకు కూడా పెడుతున్నారట. గెలిస్తే వచ్చే సర్టిఫికెట్టు టీచరు ట్రైనింగు సీటుకి పనికొస్తుందట.

"ఎవరినో ఎందుకండీ శౌరయ్య మాస్టారూ, మన జ్ఞానమణిని పంపుదాం" అన్నారు నాన్నతో.

"ఎస్సెల్సీ అయిన దగ్గర్నుంచి అది ఇల్లు కదలట్లేదండి."

"బావికి కదులుతోందిగా!"

తెల్లారగట్ట నేను హనుమయ్య గారి తోటలో బావికి పోతున్న సంగతి ఊరందరికీ తెలుసన్నమాట. అది తాగే బావి కాదు కాబట్టి మమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

మాస్టారు టైపు కొట్టిన కాగితం తీసి నిబంధనలు చదివారు. మేం కప్ప ఈత అనేదానికి ఇంగ్లీషు పేరు బ్రెస్ట్ స్ట్రోక్. ఆ మాట నా ముందు పలకలేక ఆయన ఎర్రబడిపోయి "బి స్ట్రోకు" అన్నారు. వంటింట్లోకి పరిగెత్తి నవ్వుకున్నాను. చాలా నెలలకు నవ్వాను. నవ్వినందుకు కోపం కూడా వచ్చింది.

నిబంధన ఇది. దూకిన తరవాతా, గోడ తాకి తిరిగిన తరవాతా, నీళ్ళ కింద చేతులతో ఒక్క లాగు, కాళ్ళతో ఒక్క తాపు. అంతే. ఆ వెంటనే తల పైకి రావాలి. వచ్చిన తల ఈత అయ్యేదాకా కనిపిస్తూనే ఉండాలి, మళ్ళీ పూర్తిగా మునగకూడదు. నీళ్ళ కింద రెండో తాపు తన్నితే పేరు కొట్టేస్తారు.

"ఎందుకండీ అట్లా?" అన్నాను.

"ఒకప్పుడు మొత్తం దూరం నీళ్ళ కిందే ఈదేసేవాళ్ళంటమ్మా. పైకి రాకుండా ఉంటే స్పీడెక్కువ. ఊపిరాడక కళ్ళు తిరిగి పడ్డవాళ్ళు కూడా ఉన్నారంట. అందుకని పెట్టారు."

అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మాస్టారు తాగుతూ గోడ మీది ఫొటో వైపు చూశారు. తెల్ల యూనిఫారంలో అన్నయ్య. దండ లేదు. నేను వేయనివ్వను.

12 జులై

కాళ్ళు వాటంతటవే తంతున్నాయి. నా తప్పు కాదు.

15 జులై

మా బావి నల్లరాతిలో తవ్విన నలుచదరపు బావి. ఒక పక్క మెట్లు. గోడ పగుళ్ళలో పావురాలు. తూర్పు గోడను పాదాలతో నెట్టి, ఒక లాగు లాగి, ఒక తాపు తన్నితే బావి మధ్యకు వస్తాం. ఇంకో తాపు తన్నితే పడమటి గోడ. ఆ గోడ అడుగున ఊట ఉంది. అక్కడ నీళ్ళు చల్లగా కాళ్ళకు తగులుతాయి.

అన్నయ్య నాకు ఈత నేర్పింది ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టి. బుర్రలు విప్పేశాక ఒక ఆట పెట్టాడు. కళ్ళు మూసుకుని తూర్పు గోడ నెట్టాలి. రెండో తాపు అయ్యేదాకా కళ్ళు తెరవకూడదు. తెరిచేసరికి ఎదురుగా వాడుంటాడు, నీళ్ళ కింద, బుగ్గలు పూరించుకుని, గుడ్లు మిటకరించుకుని. నవ్వితే నీళ్ళు మింగుతాను, మింగితే ఓడిపోతాను. ప్రతిసారీ ఓడిపోయేదాన్ని.

వాడు నేవీలోకి వెళ్ళాక కూడా సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఇదే ఆట. మీసాలు వచ్చినా అదే మొహం పెట్టేవాడు.

ఆ రెండో తాపు ఇప్పుడు వద్దంటున్నారు. పెద్ద మార్పేం కాదు. మానేస్తాను. రేపు మానేస్తాను.

23 జులై, ఆదివారం

ఫాదరు గారు ఇంటికి వచ్చారు. అమ్మ కొత్త చాప వేసింది. ఆయన కాసేపు వానల గురించి మాట్లాడి, మెల్లగా అసలు సంగతికి వచ్చారు. డిసెంబరు యుద్ధంలో అన్నయ్య ఓడ మునిగింది. ఏడు నెలలయింది. ఆత్మ కోసం పూజ చెప్పించుకుంటే మీకూ మనశ్శాంతిగా ఉంటుంది అన్నారు.

నాన్న నా వైపు చూశాడు. అమ్మ చాప అంచు పీకుతూ కూర్చుంది.

"నేవీ వాళ్ళ టెలిగ్రాములో కనపడుట లేదు అని ఉంది" అన్నాను. "చనిపోయాడని లేదు."

"అది వాళ్ళు రాసే పద్ధతి తల్లీ" అన్నారు ఫాదరు గారు.

"పద్ధతి సంగతి నాకు తెలీదండి. కనపడని మనిషికి చావు పూజ చెప్పిస్తారా? రేపు వాడు వచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చెప్తారు?"

అంత గట్టిగా ఫాదరు గారి ముందు మాట్లాడినందుకు నాకే భయమేసింది. నాన్న గొంతు సవరించుకుని, "ఇంట్లో మిగిలింది ముగ్గురం ఫాదర్. నేను ఊఁ అన్నాను. జోజమ్మా ఊఁ అంది. పిల్ల కూడా అననివ్వండి. దాన్ని బలవంతపెట్టి చెప్పించిన పూజ వాడికి అందదు" అన్నాడు.

అమ్మ ఊఁ అన్న సంగతి నాకు ఇవాళే తెలిసింది. టెలిగ్రాము వచ్చిన రోజు నుంచి అమ్మ ఏడవలేదు. నమ్మలేదు కాబట్టే ఏడవలేదనుకున్నాను. నా వైపే ఉందనుకున్నాను.

ఫాదరు గారు వెళ్ళాక అమ్మ చాప చుట్టి మూల పెట్టి బియ్యం ఏరుకుంది. నాతో మామూలుగానే మాట్లాడింది. అదే బాధగా ఉంది.

30 జులై

కల. బావిలో ఓడ. పట్టదు గానీ పట్టింది. అన్నయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు, తెల్ల బట్టల్లో. చొక్కా మడత నలగలేదు. "తడవలేదేంట్రా?" అన్నాను. "ఇస్త్రీ చేయించుకుని వచ్చానే" అన్నాడు. మామిడి తోటలోంచి నడుచుకుంటూ ఇంటివైపు పోయాడు. నేను తడిబట్టలతో ఉన్నాను కాబట్టి వెనకాల వెళ్ళలేకపోయాను.

నిద్రలేచాక కూడా చాలాసేపు ఆ చొక్కా తెల్లదనం కళ్ళల్లో ఉంది.

4 ఆగస్టు

ఇవాళ ఊట దగ్గర ఆగి చెవి పెట్టాను. శబ్దం వినిపించింది. డుబ్ డుబ్ డుబ్ మని, ఎంతో దూరం నుంచి, ఓడ ఇంజను లాగా.

ఊట నీళ్ళు సముద్రం నుంచే వస్తాయని చిన్నప్పుడు అన్నయ్య చెప్పాడు. భూమి కింద దారులుంటాయట. నన్ను ఏడిపించడానికి చెప్పాడని తెలుసు. కానీ ఓడ మునిగింది పడమటి సముద్రంలో. ఊట ఉన్నదీ పడమటి గోడకే. ఇందులో ఏమీ లేదు, ఊరికే రాసుకుంటున్నాను.

శబ్దం వింటూ ఉంటే ఊపిరి సంగతి మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి రొమ్ములో నిప్పు పోసినట్టయింది. చెవులు గుయ్యిమన్నాయి. పైకి వచ్చి మెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను. అమ్మకు చెప్పను.

13 ఆగస్టు, ఆదివారం

మాస్టారు ప్రాక్టీసు చేయించడం మొదలుపెట్టారు. గట్టు మీద గొడుగు వేసుకుని నాకు వీపు పెట్టి నిలబడతారు. ఆడపిల్ల ఈదుతుంటే చూడకూడదట. చూడకపోతే నా తాపులు ఎవరు లెక్కపెడతారని అడిగాను. అందుకని హనుమయ్య గారి భార్య సుబ్బాయమ్మ గారిని కూర్చోబెట్టారు. ఆవిడ చిక్కుడుకాయల చేట తెచ్చుకుని, మెట్టు మీద బాసిపట్టు వేసుకుని, ఒక కన్ను కాయల మీద ఒక కన్ను నా మీద పెడుతుంది.

"ఒకటీ! రెండోది కూడా తన్నింది మాస్టారూ!"

"ఎందుకు తన్నావమ్మా?" అని గొడుగు అడుగుతుంది.

"తెలీకుండా తన్నానండి!"

"మళ్ళీ!"

మళ్ళీ. మళ్ళీ రెండు. సుబ్బాయమ్మ గారు కాయలు తుంచుతూ, "ఏమే పిల్లా, నీ కాళ్ళు నీ మాట వినవా? మా ఎద్దులే నయం, రెండుసార్లు చెప్తే వింటాయి" అంది.

మెట్లెక్కుతుంటే మాస్టారు ఇటు తిరక్కుండానే అన్నారు. "అది మీ అన్న తాపని నాకు తెలుసమ్మా. నాకూ నేర్పబోయాడు వెధవ, నీళ్ళు మింగించాడు. మరిచిపోమని చెప్పట్లా. బావిలో కొట్టుకో. బెజవాడలో కొట్టకు."

నేను తల తుడుచుకున్నాను.

20 ఆగస్టు

అమ్మ నా ఈత బట్టలు కుడుతోంది. నల్ల శాటిను గుడ్డ. మెషీను మీద కుడితే నీళ్ళల్లో కుట్టు ఊడిపోతుందని చేత్తో కుడుతోంది. చేతులు మోచేతి దాకా, లాగు మోకాళ్ళ దాకా. "ఇట్లాంటివి వేసుకుని ఎవరూ ఈదరే అమ్మా" అంటే, "ఎవరూ ఈదకపోతే నువ్వే ఫస్టు వస్తావు" అంది.

కొలత తీస్తూ టేపు నా రొమ్ము చుట్టూ పట్టుకుని ఆగిపోయింది.

"ఊపిరి పీల్చు."

పీల్చాను.

"నీళ్ళల్లో ఇంతసేపూ పట్టుకుంటావా?"

"ఇంతకంటే ఎక్కువసేపు."

"పట్టుకుంటే..." అని ఇంకేదో అడగబోయింది. నేను టేపు విప్పుకుని దాహమేస్తోందని లేచాను. దాహమేమీ వేయలేదు. వంటింట్లో కుండ మూత తీసి మళ్ళీ పెట్టి వచ్చాను. వచ్చేసరికి అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కట్లేదు. నేనే ఎక్కించి ఇచ్చాను.

2 సెప్టెంబరు

రేడియోలో ఒలింపిక్సు వార్తలు. ఏ దేశం వాళ్ళో ఈతలో పతకాలు కొట్టారట. వాళ్ళ కాళ్ళు వాళ్ళ మాట వింటాయి కాబోలు.

7 సెప్టెంబరు

ఊట దగ్గర ఇవాళ ఏ చప్పుడూ లేదు. పక్క చేలో వెంకటప్పయ్య గారి ఆయిలింజను మూడు రోజులుగా చెడిపోయి ఉందని సుబ్బాయమ్మ గారు చెప్పింది. రెండింటికీ సంబంధం లేదు.

8 సెప్టెంబరు

సంబంధం లేదు.

17 సెప్టెంబరు, ఆదివారం

ఇవాళ ఒక్క తాపుతో పైకి వచ్చాను. నాలుగైదుసార్లు వరసగా. సుబ్బాయమ్మ గారు చేట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. మాస్టారు ఆనందం పట్టలేక గొడుగుతో సహా ఇటు తిరిగారు, మళ్ళీ గబుక్కున అటు తిరిగారు.

వాళ్ళకు తెలియనిదేమిటంటే, నేను కళ్ళు తెరుచుకునే ఈదాను. కళ్ళు తెరిచి ఉంటే రెండో తాపు రాదు. కళ్ళు మూస్తే వస్తుంది. ఇంతకాలం ఈ కిటుకు ఎందుకు తోచలేదో.

అన్నయ్య పోయినేడు దసరాకి సెలవు పెడతానన్నాడు. పోయినేడు కుదరలేదు. ఈ ఏడు కుదరొచ్చు.

24 సెప్టెంబరు, ఆదివారం

పేరు కొట్టేశారు.

26 సెప్టెంబరు

నిన్నంతా పడుకున్నాను. ఇవాళ రాస్తాను.

బెజవాడకు నాన్నా మాస్టారూ నేనూ మొదటి బస్సులో వెళ్ళాం. అమ్మ రాలేదు. ఇడ్లీలు ఆకులో కట్టి ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి, నా నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. అన్నయ్య సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు కూడా అట్లాగే వేసేది.

గట్టు మీద నుంచి ఈత కొలను చూశాను. అంత నీలం నేనెప్పుడూ చూడలేదు. ఆకాశాన్ని తెచ్చి గోతిలో పరిచినట్టుంది. నీళ్ళలో ఏదో మందు కలిపారు, ఆ వాసనకు ముక్కు మండింది. అడుగున గీతలు ఈ చివర్నుంచి ఆ చివరికి కనిపిస్తున్నాయి. బావిలో చెయ్యి చాస్తే వేళ్ళు కూడా పచ్చగా మసకబారిపోతాయి. ఇక్కడ ఆకు పడితే దాని ఈనెలు లెక్కపెట్టవచ్చు.

మిగతా పిల్లలు నా శాటిను బట్టలు చూసి నవ్వారు. ఒకమ్మాయి, ప్రమీలారాణి అని, బందరు నుంచి వచ్చింది, "ఏంటిది, పెళ్ళికి వచ్చావా?" అంది. "నిన్ను దాటి పోతాగా, అప్పుడు వెనకనుంచి సరిగ్గా చూద్దువుగాని" అన్నాను. ఆమె కూడా నవ్వింది. మంచి పిల్లే.

విజిలు వేశారు. దూకాను. కళ్ళు తెరుచుకునే దూకాను. ఒక లాగు, ఒక తాపు, తల పైకి. అంతా సరిగ్గానే ఉంది. పైకి వచ్చిన తల ముంచలేదు. పక్క గీతలో ప్రమీలారాణి నాకంటే కొంచెం వెనక. గట్టు మీద మాస్టారు అరుస్తున్నారు. ఈసారి వీపు పెట్టలేదు.

అవతలి గోడ రెండు చేతులతో తాకి తిరిగాను. పాదాలు గోడకు ఆనాయి. గరుకుగా, చల్లగా, అచ్చం మా తూర్పు గోడ లాగా. నెట్టగానే కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

వాటంతటవే అని రాశాను. కాదు. మూశాను.

ఒక లాగు. ఒక తాపు. చెవుల్లో జనం అరుపులు పోయాయి. చీకటి మెత్తగా ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగని చోటు అది. నాకు అప్పుడు పోటీ గుర్తులేదు, బెజవాడ గుర్తులేదు. బుగ్గలు పూరించుకున్న మొహం ఒక్కటే గుర్తుంది. ఈసారి నవ్వకూడదు అనుకున్నాను. రెండో తాపు తన్నాను. కళ్ళు తెరిచాను.

నీలం. అడుగున నల్ల గీత. ఆ గీత వెంబడి కొలను చివరిదాకా కనిపించింది. గోడ కనిపించింది, గోడలో పెంకులు కనిపించాయి. మసక లేదు, పచ్చదనం లేదు, దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు. ఎవరూ లేరు.

పైకి వచ్చి ఈదాను. ఎట్లా ఈదానో తెలీదు. అందరికంటే ముందు గోడ తాకింది నేనే. మాస్టారు ఎగిరి గంతేశారు. అప్పటికే మలుపు దగ్గర నిలబడిన జడ్జీ, తెల్ల చీరలో పెద్దావిడ, చెయ్యి పైకెత్తి ఉంచింది. ఆ చెయ్యి దించలేదు.

గట్టు ఎక్కాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. కోప్పడలేదు.

"ఫస్టు వచ్చేదానివమ్మా. మలుపు దగ్గర రెండు తన్నావు. నియమం తెలుసా?"

"తెలుసండి."

"తెలిసి ఎందుకున్నావు కింద? ఏముందక్కడ?"

"ఏమీ లేదండి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవులకు వినిపించింది. అక్కడే, తడి గచ్చు మీద కూర్చుండిపోయాను. పోటీ పోయినందుకు ఏడుస్తున్నాననుకుని ప్రమీలారాణి తన తువ్వాలు నా మీద కప్పింది.

బస్సెక్కాక మాస్టారు విజిలు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నారు. మైలవరంలో బస్సు ఆగినప్పుడు ఆయన టీకి దిగారు. నాన్నా నేనూ మిగిలాం.

"నాన్నా, పూజ చెప్పించండి."

నాన్న కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"మీ అమ్మతో నువ్వే చెప్పు తల్లీ. నేను చెప్తే నా మాటే అవుద్ది. నీ నోటితో వినాలి అది."

1 అక్టోబరు

చెప్పలేదు.

8 అక్టోబరు

అమ్మ వెనక వంటింట్లో నిలబడ్డాను. "ఏంటే?" అంది. "ఉప్పు ఎక్కడుంది?" అన్నాను. ఉప్పు పదిహేడేళ్ళుగా ఒకే చోట ఉంది.

16 అక్టోబరు

దసరా సెలవులకు బస్సుల నిండా జనం. బస్టాండు వైపు నుంచి పెట్టెలు మోసుకుంటూ వస్తున్నారు. అరుగు మీద కూర్చుని చూశాను. ఎవరి కోసమూ కాదు. ఊరికే చూశాను.

29 అక్టోబరు

ఎక్కడ చూసినా ముల్కీ గొడవల మాటే. రాష్ట్రం పోటీలు ఎప్పుడో తెలీదంటున్నారు మాస్టారు. "జరిగినా మనకేం లెండి" అన్నాను. "వచ్చే ఏడు కూడా సెప్టెంబరు వస్తదమ్మా" అన్నారు. బావికి వెళ్ళి నెల దాటింది.

1 నవంబరు, బుధవారం

రేపు ఆత్మల పండుగ. అమ్మ పెరట్లో సున్నం కలుపుతోంది, సమాధుల దొడ్డిలో నాయనమ్మ సమాధికి వేయడానికి. ఏటా కలిపే బకెట్టే. ఈసారి ఎక్కువ కలిపింది.

"అంత ఎందుకమ్మా?"

"ఏమో. చెయ్యి ఆగలా."

అప్పుడు చెప్పాను. మొహం చూడలేక సున్నం వైపు చూస్తూ చెప్పాను. "రేపు పూజలో అన్నయ్య పేరు కూడా చదవమని ఫాదరు గారికి చెప్పి వస్తానమ్మా."

అమ్మ కర్ర తిప్పడం ఆపలేదు. అదే వేగంతో తిప్పింది. సున్నం ఆమె చేతి మీద చిమ్మి తెల్లటి చుక్కలు పడ్డాయి. తిప్పుతూనే అడిగింది.

"రేపు సాయంత్రం నన్ను బావికి తీసుకుపోతావా?"

అమ్మ ఎప్పుడూ ఆ బావి మెట్లు దిగలేదు. నీళ్ళంటే భయం.

2 నవంబరు, గురువారం

పొద్దున పూజలో చనిపోయినవారి పేర్లు చదివారు. నాయనమ్మ పేరు, తాతయ్య జోజప్ప పేరు, ఆ తరవాత అన్నయ్య పేరు, యోసేపు, అన్నారు. ఎంత మామూలుగా చదివారో. గుడిలో చిన్నపిల్ల ఎవరో దగ్గింది. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం సమాధుల దొడ్డిలో అందరూ కొవ్వొత్తులు వెలిగించారు. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు. మేం నాయనమ్మ దగ్గర వెలిగించాం. అమ్మ ఒక కొవ్వొత్తి కొంగున కట్టుకుని నా వైపు చూసింది. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. నాన్న దారి దాకా వచ్చి ఆగిపోయాడు. "మీరిద్దరూ వెళ్ళిరండి" అన్నాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ అమ్మ నా భుజం వదల్లేదు. నీళ్ళకు పై మెట్టు మీద కూర్చున్నాం. కొవ్వొత్తి వెలిగించి రాతి సందులో నిలబెట్టాను. పావురాలు గూళ్ళలో సర్దుకుంటున్నాయి. నీళ్ళు చివరి వెలుతురుకు ఆకుపచ్చగా ఉన్నాయి, కదలకుండా ఉన్నాయి.

"ఇక్కడేనా మీ ఇద్దరి ఆటలు?"

"ఇక్కడే."

అమ్మ మెల్లగా పాదం చాచి వేళ్ళు తడుపుకుంది. వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టింది.

"మణీ, నిన్నొకటి అడగాలే. ఎవర్ని అడగాలో తెలీక ఇన్నాళ్ళూ ఊరుకున్నా. మీ నాన్నకు ఈత రాదు. ఫాదరు గారికీ రాదు. నీకే తెలుసు."

"అడుగమ్మా."

"నీళ్ళల్లో ఊపిరి అందకపోతే నొప్పిగా ఉంటదా?"

పది నెలలుగా ఈ మాట అమ్మ గొంతులో ఉంది. వాడు తిరిగి వస్తాడని నేను పట్టుబట్టినన్నాళ్ళూ, పాపం, దీన్ని అడగడానికి ఆమెకు దారి లేదు. టేపు పట్టుకుని ఆగిపోయిన రోజు అడగబోయింది ఇదే. నేను దాహమని లేచిపోయాను.

"మొదట కొంచెం ఉంటుందమ్మా" అన్నాను. "కొంచెమే. తరవాత ఏ చప్పుడూ ఉండదు. చుట్టూ పచ్చగా, మెత్తగా ఉంటుంది. ఎవరో ఎత్తుకున్నట్టు ఉంటుంది. పైకి రావాలని కూడా అనిపించదు."

"భయం వేయదా?"

"అన్నయ్యకా? వాడికి నీళ్ళంటే భయమేంటమ్మా!"

"అవున్లే" అంది. "వాడికెందుకు భయం." తల ఊపింది. ఊపుతూనే ఉంది. అప్పుడు ఏడ్చింది. నోరు తెరిచి, నా ఒడిలో తల పెట్టి, నా కొడుకా నా కొడుకా అని ఏడ్చింది. బావి గోడలు ఆ ఏడుపును తిప్పి తిప్పి మాకే ఇచ్చాయి. పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నేనూ ఏడ్చాను. ఎవరి కన్నీళ్ళు ఎవరివో తెలీలేదు.

నేను చెప్పినదాంట్లో మొదటి మాట అబద్ధం. కొంచెం కాదు.

ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనంలో మిగతా తప్పులన్నీ చెప్పుకుంటాను. ఇది మటుకు చెప్పను.

5 నవంబరు, ఆదివారం

పూజ అయ్యాక బావికి వెళ్ళాను. అమ్మ కూడా వస్తానంది. సుబ్బాయమ్మ గారు చేట జరిపి ఆమెకు మెట్టు మీద చోటిచ్చింది. ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టారు. పక్క చేలో వెంకటప్పయ్య గారి ఆయిలింజను డుబ్ డుబ్ మంటోంది, బాగుచేయించినట్టున్నారు.

తూర్పు గోడ నెట్టాను. ఒక లాగు. ఒక తాపు. పైన వెలుతురు పలచగా కదులుతోంది. పడమటి గోడ దగ్గర నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఇక్కడి దాకా తెలుస్తోంది. కాళ్ళు ముడుచుకున్నాయి. అట్లాగే ఉంచాను.

తల పైకి వచ్చింది. అమ్మ చేతిలో కాయ పట్టుకుని, తుంచకుండా, నీళ్ళ మీదే చూస్తోంది. నా తల కనిపించగానే ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు బావి మధ్యలోకి వినిపించింది.

"ఒకటే!" అని అరిచింది సుబ్బాయమ్మ గారు.

ఈత అయ్యేదాకా నేను మళ్ళీ తల ముంచలేదు.